సీటీ స్కాన్ డై పడలేదు, ఫైల్ మీద "అయోడిన్ అలర్జీ" అని రాసిన్రు. నిజంగ అయోడిన్ వల్లనేనా?

నరేష్_హనుమకొండ
అందరికీ నమస్తే. మా అమ్మకు 58 ఏండ్లు. కడుపు నొప్పి అంటె పోయిన నెల కాంట్రాస్ట్ సీటీ తీయించినం. డై ఎక్కించిన కొద్ది నిమిషాలకే గొంతుల దురద అన్నది, ఒంటి నిండ దద్దుర్లు లేచినయ్, కండ్ల రెప్పలు వాచినయ్. అక్కడోళ్ళు ఏవిల్ (అలర్జీ మందు), హైడ్రోకార్ట్ (స్టెరాయిడ్) సూదులిచ్చి కొద్దిసేపు పండబెట్టి ఇంటికి పంపిన్రు. ఫైల్ మీద ఎర్ర పెన్నుతోని "అయోడిన్ అలర్జీ" అని రాసిన్రు, ఏం డై ఇచ్చిన్రో మాత్రం ఎక్కడ లేదు. ఇప్పుడు సర్జన్ మళ్ళ స్కాన్ కావాలంటున్నడు. మా మేనత్తేమో అయోడిన్ ఉప్పు బంద్ చెయ్యి, రొయ్యలు ముట్టకు అని రోజు ఫోన్. నాకు అర్థం కానిదేందంటే అమ్మ ఈ డై జీవితంల మొదటిసారి ఎక్కించుకుంది, ముందు ఒక్కసారి కూడ ఒంట్లకు పోని దానికి అలర్జీ ఎట్ల వస్తది? తెలిసినోళ్ళు చెప్పండి.

కాకినాడ_కాజా
రొయ్యల సంగతి మాక్కూడా తగిలిందండి. మా పిన్నికి రొయ్యలు పడవు, స్కాన్ ఫారంలో ఆ ప్రశ్న ఉంటే పడవు అని టిక్ పెట్టింది, అంతే డై లేకుండా ప్లెయిన్ తీసి పంపేశారు, తీరా చూస్తే అందులో కావాల్సింది కనపడలేదని డాక్టర్ గారు మళ్ళీ తీయించమన్నారు. డబ్బులు రెండుసార్లు.

స్కాన్‌రూమ్_శీను
నేను సీటీ టెక్నీషియన్ని, విజయవాడ. నరేష్ గారూ ముందు ఒక పని చెయ్యండి, ఆ సెంటర్‌కి ఫోన్ చేసి ఇచ్చిన కాంట్రాస్ట్ పేరు కనుక్కోండి, బిల్లులో కూడా ఉంటది చాలాసార్లు. అయోహెక్సాల్, అయోపమిడాల్, అయోప్రొమైడ్, అయోడిక్సనాల్, ఇలా ఏదో ఒకటి ఉంటది. అన్నిటి పేర్లలో అయో ఉంది కదా అని అన్నీ ఒకటే అనుకోకండి.

ఇంకోటి, డై ఎక్కేటప్పుడు ఒళ్ళంతా వెచ్చగా అవ్వడం, నోట్లో ఇనుము రుచి, ఒంటేలు పోసేశామేమో అన్న ఫీలింగ్, కొంచెం వాంతి వచ్చినట్టు ఉండడం, ఇవి అలర్జీ కాదు. ఇవన్నీ చెప్పి పడలేదు పడలేదు అనేవాళ్ళు రోజూ వస్తారు మా దగ్గరకి. మీ అమ్మగారిది మాత్రం దద్దుర్లు, రెప్పలు వాయడం, గొంతు దురద, అది అసలుదే.

మాధవి_ఇమ్యునో
ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, డాక్టర్ని కాదు, కాబట్టి మీ అమ్మగారికి ఏం చెయ్యాలో నేను చెప్పను, లోపల ఏం జరుగుతుందో మాత్రం చెప్తాను.

ముందు అయోడిన్ గొడవ వదిలేద్దాం. అయోడిన్ థైరాయిడ్ హార్మోన్‌లో భాగం, అది లేకుండా మనిషి బతకడు, మనందరి రక్తంలోనూ తిరుగుతూనే ఉంటుంది. రొయ్యలు పడనివాళ్ళకి పడనిది రొయ్య కండలో ఉండే ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్. బెటాడిన్ రాస్తే అలర్జీ వచ్చే కొద్దిమందిలో కూడా ఎక్కువగా కారణం అందులో ఉండే పోవిడోన్. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. డై అనేది బెంజీన్ రింగుకి మూడు అయోడిన్లు తగిలించి, పక్కన వేరే సైడ్ చెయిన్లు పెట్టి చేసిన మొత్తం మాలిక్యూల్, ఒళ్ళు రియాక్ట్ అయ్యేది ఆ మొత్తానికి. కాజా గారూ, రొయ్యల అలర్జీ ఉందని డై ఆపేయాల్సిన పని లేదనే ఇప్పుడు రేడియాలజీ గైడ్‌లైన్లు అన్నీ అంటున్నాయి. ఏ రకం అలర్జీ అయినా, ఆస్తమా అయినా ఉన్నవాళ్ళకి రిస్క్ కొంచెం ఎక్కువ, అందులో రొయ్యలకి ప్రత్యేకత ఏమీ లేదు.

ఇక అసలు పాత్రధారి మాస్ట్ సెల్, అంటే మన రోగనిరోధక వ్యవస్థలో ఒక రకం కణం. చర్మంలో, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో, రక్తనాళాల చుట్టూ, గుండెలో కూడా ఉంటాయి ఇవి. లోపలంతా గ్రాన్యూల్స్ (చిన్న చిన్న సంచులు), వాటిలో హిస్టమిన్, ట్రిప్టేజ్ అనే పదార్థాలు. గుంటూరు మిర్చి యార్డులో ఒక బస్తా చిరిగితే ఎలా ఉంటుందో తెలుసుగా, ఎవరు చించారు ఎందుకు చించారు అనేది తర్వాత సంగతి, ముందు అక్కడున్న ప్రతి ఒక్కడికీ దగ్గు. మాస్ట్ సెల్ పగిలినా అంతే, హిస్టమిన్ బయటపడగానే సన్న రక్తనాళాలు వెడల్పయి నీరు బయటికి కారుతుంది (దద్దురు, వాపు), నరాల చివర్లకి తగిలి దురద, శ్వాసనాళాలు బిగుసుకుంటే పిల్లికూతలు, మొత్తం ఒళ్ళంతా ఒకేసారి జరిగితే బీపీ పడిపోతుంది. అదే అనఫిలాక్సిస్. హిస్టమిన్ ఒక్కటే కాదు, సెల్ ఆ క్షణంలోనే కొత్తగా తయారుచేసి వదిలే ప్రోస్టాగ్లాండిన్ డీ2, ల్యూకోట్రైన్లు కూడా ఉంటాయి. రక్తంలో తిరిగే బేసోఫిల్స్ కూడా ఇదే పని చేస్తాయి, తెల్లకణాల్లో ఒక శాతం కూడా ఉండవు గానీ గోల మాత్రం గట్టిదే.

నరేష్_హనుమకొండ
అర్థమైంది మేడమ్, మస్తు చెప్పిన్రు. కాని మొదటిసారికే ఎట్ల?

మాధవి_ఇమ్యునో
అదే చెప్పబోతున్నా, ల్యాబ్‌లో పని పడింది మధ్యలో.

మామూలుగా మనం అలర్జీ అనేదానిలో ఐజీఈ అనే యాంటీబాడీ ఉంటుంది (1966లో ఇషిజాకా దంపతులు కనిపెట్టారు). మొదటిసారి ఒంట్లోకి వెళ్ళినప్పుడు ఐజీఈ తయారై మాస్ట్ సెల్ మీద కూర్చుంటుంది, రెండోసారి వచ్చినప్పుడు దాన్ని పట్టుకుని సెల్‌ని పగలగొడుతుంది. ఈ లెక్కన మీ ప్రశ్న కరెక్టే, మొదటిసారికి రాకూడదు. కానీ మాస్ట్ సెల్ మీద ఐజీఈతో పని లేకుండా నేరుగా మీట నొక్కే రిసెప్టర్ ఇంకోటి ఉంది, ఎంఆర్‌జీపీఆర్‌ఎక్స్2 అంటారు. 2015లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు నేచర్ జర్నల్‌లో చూపించారు, సిప్రోఫ్లాక్ససిన్ లాంటి యాంటీబయాటిక్స్, ఆపరేషన్లో కండరాలు వదులు చెయ్యడానికి ఇచ్చే కొన్ని మందులు ఈ దారిలోనే మాస్ట్ సెల్స్‌ని పగలగొడతాయని. తర్వాత అయోపమిడాల్ డై కూడా ఇదే రిసెప్టర్‌ని కదిలిస్తుందని ఎలుకల మీద, కణాల మీద చూపించారు. దీనికి ముందు పరిచయం అక్కర్లేదు, మొదటి సూదికే అవుతుంది. చర్మంలో ఉండే మాస్ట్ సెల్స్ మీద ఈ రిసెప్టర్ బాగా ఎక్కువ, అందుకేనేమో చాలామందికి ఒట్టి దద్దుర్లు, దురదతో ఆగిపోతుంది.

ఇదికాక కాంప్లిమెంట్ అనే ప్రొటీన్లు యాక్టివేట్ అయి సీ3ఏ, సీ5ఏ ముక్కలు తయారై అవి మాస్ట్ సెల్స్‌ని రెచ్చగొట్టే దారి ఒకటి ఉంది. డై చిక్కదనం (అంటే అందులో కరిగి ఉన్న కణాల గాఢత, ఆస్మోలాలిటీ) వల్ల కూడా కొంత హిస్టమిన్ వస్తుంది. అంటే ఒకే గొడవకి నాలుగైదు దారులు, ఒక మనిషిలో ఏది జరిగిందో బయట నుంచి దద్దుర్లు చూసి ఎవ్వరూ చెప్పలేరు.

రిటైర్డ్_రేడియోగ్రాఫర్
చిక్కదనం మాట ఎత్తింది కాబట్టి పాత ముచ్చట చెప్తాను. మేము ఉద్యోగంలో చేరిన రోజుల్లో కిడ్నీలకి ఐవీపీ (డై ఎక్కించి తీసే ఎక్స్‌రే) తీసేవాళ్ళం, యూరోగ్రాఫిన్ 76 అనే పాత డై ఎక్కించి. రక్తం చిక్కదనం కిలోకి 290 మిల్లీఆస్మోల్ దరిదాపుల్లో ఉంటే ఆ మందుది 2000 పైన, ఏడెనిమిది రెట్లు. టేబుల్ పక్కన బేసిన్ లేకుండా కేసు మొదలుపెట్టేవాళ్ళం కాదు, వాంతులు, దద్దుర్లు రోజువారీ సంగతి. స్వీడన్ రేడియాలజిస్ట్ టార్స్టెన్ ఆల్మేన్ ఈ చిక్కదనం తగ్గించాలి, అయానిక్ కాని (నీళ్ళలో అయాన్లుగా విడిపోని) మాలిక్యూల్ కావాలి అని పట్టుబట్టాడు కాబట్టి ఇవాళ మీరు వాడే అయోహెక్సాల్ లాంటివి వచ్చాయి. 1990లో జపాన్ వాళ్ళు 3,37,647 కేసులు లెక్కపెట్టి రాశారు, పాత మందుకి రియాక్షన్లు 12.66 శాతం, కొత్తవాటికి 3.13. తీవ్రమైనవి 0.22 నుంచి 0.04కి దిగాయి. కొత్తవి మొదట్లో బాగా ఖరీదు, డబ్బున్నవాళ్ళకి కొత్తది లేనివాళ్ళకి పాతది అన్నట్టు నడిచింది కొంతకాలం, అది చూడ్డానికి నాకైతే మనసొప్పేది కాదు.

మేము మాత్రం ఎవరికైనా ముందు ఒక సీసీ టెస్ట్ డోస్ ఇచ్చి చూసేవాళ్ళం. ఇప్పటి పిల్లలు అది కూడా మానేశారు.

స్కాన్‌రూమ్_శీను
సార్ మీరంటే గౌరవం, కానీ టెస్ట్ డోస్ మానేసింది బద్ధకంతో కాదు. అది ఏమీ చెప్పదు. టెస్ట్ డోస్‌కి బాగానే ఉండి పూర్తి డోస్‌కి పడిపోయినవాళ్ళు ఉన్నారు, టెస్ట్ డోస్‌కే సీరియస్ అయినవాళ్ళూ ఉన్నారు. జపాన్ వాళ్ళదే ఇంకో పేపర్ ఉంది దీని మీద, ముందే చూసి పసిగట్టడానికి పనికిరాదని తేల్చారు. ఇప్పటికీ కొన్ని చోట్ల చేతి మీద చిన్న సూది గుచ్చి పావుగంట చూసి ఓకే అంటారు, పేషెంట్ తాలూకు వాళ్ళకి ధైర్యం తప్ప ఉపయోగం లేదు. ఆ టైమ్‌లో ఆస్తమా ఉందా, ఇంతకుముందు డై పడలేదా, ఏ డై అని నాలుగు ప్రశ్నలు సరిగ్గా అడిగితే అంతకన్నా మేలు. అయ్యాక క్యాన్యులా పీకేయకుండా అరగంట కూర్చోబెట్టాలి, సీరియస్‌వి ఎక్కువగా మొదటి 20 నిమిషాల్లోనే బయటపడతాయి.

రిటైర్డ్_రేడియోగ్రాఫర్
సరే బాబూ, టెస్ట్ డోస్‌కి పడిపోయిన కేసు నేనూ చూశాను, కాదనను. కానీ అలవాటుగా గుచ్చే ఆ సూది వేరు, రియాక్షన్ వచ్చినవాళ్ళకి తర్వాత అలర్జీ డాక్టర్లు చర్మం మీద చేసే టెస్ట్ వేరు. రెండూ కలిపేయకండి.

మాధవి_ఇమ్యునో
సార్ చెప్పింది చాలా ముఖ్యం. రియాక్షన్ అయ్యాక, నాలుగైదు రకాల డైలతో పక్కపక్కనే స్కిన్ టెస్ట్ చేస్తే ఐజీఈ దారిలో వచ్చిందా లేదా అని ఒక అంచనా వస్తుంది, ఏ డైకి నెగెటివ్ వచ్చిందో అది ఈసారికి ఆలోచించొచ్చు. ఆరు నెలల లోపు చేస్తే మేలంటారు, ఆలస్యమయ్యేకొద్దీ పాజిటివ్ రావాల్సింది కూడా నెగెటివ్ రావచ్చు. రియాక్షన్ ఎంత తీవ్రంగా ఉంటే టెస్ట్ పాజిటివ్ వచ్చే అవకాశం అంత ఎక్కువ, అంటే పెద్ద రియాక్షన్ల వెనకాల ఐజీఈ ఉండే ఛాన్స్ ఎక్కువ, ఒట్టి దద్దుర్ల వెనకాల తక్కువ.

ఆర్కే_డల్లాస్
ఇక్కడ ఎమర్జెన్సీలో నర్స్‌ని. నాకు ఈ పోస్టులో కడుపు మండిన విషయం ఒకటే, ఏవిల్, హైడ్రోకార్ట్ ఇచ్చి పంపేయడం. ఒట్టి దద్దుర్లయితే ఏవిల్ ఓకే. గొంతు బిగుసుకుంటున్నా, పిల్లికూతలు వస్తున్నా, బీపీ పడినా ముందు ఇవ్వాల్సింది అడ్రినలిన్, పెద్దవాళ్ళకి తొడ బయటి వైపు కండలోకి అర మిల్లీగ్రాం వరకు. ఏవిల్ ఏం చేస్తుందంటే హిస్టమిన్ కూర్చునే ఒక రకం కుర్చీలు మాత్రం ఆపుతుంది, మాధవి గారు చెప్పిన మిగతా సరుకంతా అలాగే తిరుగుతుంటుంది. స్టెరాయిడ్ సెల్ లోపల జీన్ల స్థాయిలో పనిచేస్తుంది కాబట్టి గంటలు పడుతుంది, ఆ క్షణానికి అక్కరకి రాదు. అడ్రినలిన్ ఒక్కటే రక్తనాళాల్ని బిగించి, ఊపిరి దారి తెరిచి, మాస్ట్ సెల్ ఇంకా పగలకుండా ఆపుతుంది, అన్నీ నిమిషాల్లో. అడ్రినలిన్ అంటే గుండె ఆగినప్పుడు ఇచ్చేది అన్న భయం మన దగ్గర ఇంకా పోలేదు.

ఇంకోటి, ఇలాంటిది అయినప్పుడు ఒకటి నుంచి నాలుగు గంటల లోపు రక్తం తీసి ట్రిప్టేజ్ చూస్తే మాస్ట్ సెల్స్ పగిలాయా లేదా అని రుజువు దొరుకుతుంది. హిస్టమిన్ నిమిషాల్లో మాయమైపోతుంది, ట్రిప్టేజ్ కాసేపు ఉంటుంది. ఒక రోజు దాటాక ఇంకోసారి తీసి పోల్చాలి, మామూలు రోజు అంకెని 1.2తో గుణించి 2 కలిపితే వచ్చేదానికన్నా ఆ రోజు అంకె ఎక్కువుంటే పాజిటివ్. నరేష్ గారి అమ్మగారికి ఆ టైమ్ అయిపోయింది, మిగతావాళ్ళకి పనికొస్తుందని రాశా.

నరేష్_హనుమకొండ
అన్నా మాకు అప్పుడు ఇవేం తెల్వదు, అమ్మ లేచి కూసుంటే అదే పదివేలు అనుకున్నం. మళ్ళ డై ఇచ్చేముందు స్టెరాయిడ్ గోలీలు వేస్తె సాలంటున్నరు ఇక్కడ. సాల్తదా?

ఆర్కే_డల్లాస్
ఇక్కడ పాత పద్ధతి 13, 7, 1 అంటారు, స్కాన్‌కి అన్ని గంటల ముందు ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర, చివర్లో ఒక అలర్జీ మాత్ర. అన్ని గంటలు ఎందుకో పైన చెప్పా. టేబుల్ ఎక్కించి అప్పుడు స్టెరాయిడ్ గుచ్చి డై ఇచ్చేయడం వల్ల ఆ స్కాన్‌కి లాభం ఉండదు. పోనీ సరైన టైమ్‌కి వేసుకున్నా కూడా మళ్ళీ రియాక్షన్ వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు. యూరప్ రేడియాలజీ వాళ్ళయితే దీనికి గట్టి ఆధారం లేదని సిఫార్సు చెయ్యడమే మానేశారు. అమెరికాలో కూడా ఇప్పుడు ముందు చెప్పేది డై మార్చడమే.

పెద్దాపురం_రావు
ఈ చర్చ ఆలస్యంగా చూశాను. నాకు గుండెకి యాంజియోగ్రామ్ చేశారు, ఆ రోజు ఏమీ కాలేదు, ఇంటికొచ్చిన మూడో రోజు వీపంతా ఎర్రగా పొక్కి, కాళ్ళ దాకా పాకి ఒకటే మంట దురద. అక్కడే ఇచ్చిన యాంటీబయాటిక్ పడలేదన్నారు. ఇది చదివాక నాకు డై మీద అనుమానం వస్తోంది. మూడు రోజుల తర్వాత కూడా వస్తుందా అమ్మా?

మాధవి_ఇమ్యునో
రావుగారూ వస్తుందండి. గంట దాటిన దగ్గర్నుంచి వారం రోజుల దాకా వచ్చేవాటిని ఆలస్యపు రియాక్షన్లు అంటారు, వీటిలో మాస్ట్ సెల్స్‌ది కాదు, టీ సెల్స్‌ది (ఇవి ఇంకో రకం రోగనిరోధక కణాలు) ప్రధాన పాత్ర. డై మాలిక్యూల్‌ని టీ సెల్ గుర్తుపడుతుంది, అవి పెరిగి చర్మంలోకి చేరి అక్కడ గొడవ చెయ్యడానికి టైమ్ పడుతుంది కాబట్టి ఈ ఆలస్యం. అలాంటి మచ్చ నుంచి చిన్న ముక్క తీసి చూస్తే రక్తనాళాల చుట్టూ టీ సెల్స్ గుంపులుగా కనిపిస్తాయి. మాస్ట్ సెల్ దద్దురు ఒకచోట లేచి గంటల్లో మాయమై ఇంకోచోట లేస్తుంది, ఇది అలా కాదు, రోజుల తరబడి అక్కడే ఉండి చివరికి పొట్టు రాలుతుంది. అయోడిక్సనాల్‌తో ఈ రకం కొంచెం ఎక్కువ కనిపిస్తుంది. చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి. కానీ జ్వరం, నోట్లో పుళ్ళు, చర్మం బొబ్బలెక్కి ఊడడం ఉంటే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పోవాలి, అరుదే గానీ టీ సెల్స్ వల్ల వచ్చే ప్రమాదకరమైన రకాలు అవి.

మీ విషయంలో యాంటీబయాటిక్కా డైయా అన్నది నేను చెప్పలేను. దీనికి ప్యాచ్ టెస్ట్ (చర్మానికి పట్టీ అంటించి చూసేది), లేదా చర్మం లోపలికి గుచ్చి రెండు మూడు రోజుల తర్వాత చూసే టెస్ట్ ఉంటాయి.

గుండె మాట వచ్చింది కాబట్టి, గుండెలోనూ మాస్ట్ సెల్స్ ఉంటాయన్నాను కదా, అవి పగిలితే గుండెకి రక్తం తెచ్చే కరోనరీ నాళం బిగుసుకుని అలర్జీతోనే గుండెపోటు లాంటిది రావచ్చు. కౌనిస్ సిండ్రోమ్ అంటారు, 1991లో ఆ పేరున్న గ్రీకు డాక్టర్ వర్ణించారు. యాంజియోగ్రామ్ చేసే క్యాథ్ ల్యాబ్‌లో అకస్మాత్తుగా ఛాతీ నొప్పి, దద్దుర్లు కలిసి వస్తే అది కూడా గుర్తుంచుకుంటారు.

ఆర్కే_డల్లాస్
రావుగారూ బీపీకి బీటా బ్లాకర్ ఏమైనా వాడుతున్నారా (మెటోప్రొలాల్, అటెనొలాల్)? వాడేవాళ్ళలో అనఫిలాక్సిస్ వస్తే అడ్రినలిన్ సరిగ్గా పట్టదు, అప్పుడు గ్లూకగాన్ ఇవ్వాల్సి వస్తుంది. మీ అంతట మీరు ఆపేయకండి దయచేసి, స్కాన్ వాళ్ళకి చెప్పండి చాలు.

పెద్దాపురం_రావు
మెటోప్రొలాల్ వాడుతున్నానండి. చెప్తాను.

నరేష్_హనుమకొండ
అప్‌డేట్. సెంటర్‌కు పోయి గట్టిగ అడిగితే రిజిస్టర్ చూసి చెప్పిన్రు, అయోహెక్సాల్ 350 అంట. ఆ ముక్క ఫైల్ మీద రాయమంటే రాసిచ్చిన్రు, తేదీ ఏసి, ఏం లేచినయ్ ఎంతసేపటికి లేచినయ్ అని కూడ. అయోడిన్ అలర్జీ అన్నది కొట్టేసిన్రు. ఈసారికి అయోడిక్సనాల్ ఇస్తం, అది చిక్కదనంల రక్తంతో సమానం, సేఫ్ అన్నడు అక్కడి ఆయన. ఓకేనా మేడమ్?

మాధవి_ఇమ్యునో
ఇక్కడే కొంచెం ఆగండి. అయోడిక్సనాల్ చిక్కదనం రక్తంతో సమానం, నిజమే, కానీ అది దాదాపుగా రెండు అయోహెక్సాల్‌లు అతికించినట్టు ఉండే మాలిక్యూల్, సైడ్ చెయిన్లు అవే. మాస్ట్ సెల్ దగ్గర లెక్క చిక్కదనం ఒక్కటే కాదు, ఆకారం కూడా. అయోహెక్సాల్ పడనివాళ్ళకి అయోడిక్సనాల్‌కి మార్చడం మార్చినట్టు కాదు. సైడ్ చెయిన్ వేరుగా ఉన్నది చూసుకోమని, వీలైతే స్కిన్ టెస్ట్ చేయించి ఎంచుకోమని డాక్టర్‌తో మాట్లాడండి. అలర్జీ డాక్టర్ హైదరాబాద్‌లో దొరుకుతారు.

స్కాన్‌రూమ్_శీను
అసలు ఆ సర్జన్ దేనికోసం స్కాన్ అంటున్నాడు? డై లేకుండా అయ్యేపనేమో అడిగారా?

నరేష్_హనుమకొండ
పిత్తాశయంల రాళ్ళు ఉన్నయ్, ఒకటి జారి నాళంల పడ్డదేమో అని అనుమానం అంట.

స్కాన్‌రూమ్_శీను
దానికి ఎంఆర్‌సీపీ ఉందిగా! ఎంఆర్ఐలోనే, పిత్తనాళంలో ఉన్న పసరే తెల్లగా కనపడుతుంది, దానికి ఏ డై ఎక్కించక్కర్లేదు. ఒకసారి అడగండి.

కాకినాడ_కాజా
ఎంఆర్ఐలో కూడా గడోలినియం అని ఏదో డై ఉంటుందిగా, దానికీ అయోడిన్ దానికీ లింకు ఉందా?

మాధవి_ఇమ్యునో
లేదండి, గడోలినియం ఒక లోహం, ఆ డైలో అయోడిన్ అసలుండదు. దానికీ మాస్ట్ సెల్ రియాక్షన్లు వస్తాయి గానీ చాలా అరుదు. ఒకటి పడలేదని రెండోది పడదని లేదు. ఎంఆర్‌సీపీకి మామూలుగా అది కూడా అక్కర్లేదు.

నరేష్_హనుమకొండ
సర్జన్ సార్‌ను అడిగినం. ఎంఆర్‌సీపీ సరిపోతది, అల్ట్రాసౌండ్, లివర్ టెస్టులు ముందున్నయి గద అన్నడు. వచ్చే వారం తీస్తున్నరు. శీనన్నా మీకు, మాధవి మేడమ్‌కు, ఆర్కే అన్నకు, పెద్దాయనకు దండాలు. స్కిన్ టెస్ట్ కూడ చేయిస్త, ముందు ముందు ఎప్పుడన్న డై తప్పకపోతె పనికొస్తది. మేనత్తకు చెప్పిన, అయోడిన్ ఉప్పే వాడుతున్నం అని, ఇంక నమ్మలే.

కొత్త_మెంబర్_తిరుపతి
సార్ నాది చిన్న డౌట్. మా నాన్నకి షుగర్, కంటి ఆసుపత్రిలో చేతికి పసుపు డై ఎక్కించి కంట్లో ఫోటోలు తీస్తారంట. ఆయనకి ఎప్పుడో సీటీ డై పడలేదు. ఇది కూడా పడదా?

మాధవి_ఇమ్యునో
అది ఫ్లోరెసిన్ అండి, అందులో అయోడిన్ లేదు, సీటీ డైతో పోలికే లేని మాలిక్యూల్. ఒకటి రెండు రోజులు చర్మం, ఒంటేలు పసుపుగా ఉంటాయి, కొందరికి వికారం, అది మామూలే. దద్దుర్లు, అరుదుగా అనఫిలాక్సిస్ దీనికీ ఉన్నాయి, అక్కడా పగిలేది మాస్ట్ సెల్లే. పాత సీటీ డై సంగతి, ఆ రోజు ఏం జరిగిందో, ఎంతసేపటికి జరిగిందో కంటి డాక్టర్‌కి ముందే చెప్పండి, డై ఎక్కించే గదిలో అడ్రినలిన్ ఉందా అని అడగండి. ఆ సీటీ డై పేరు తెలుసా?

కొత్త_మెంబర్_తిరుపతి
తెలీదు సార్, ఫైల్‌లో అయోడిన్ అని మాత్రం ఉంది. కనుక్కుంటాను.

స్కాన్‌రూమ్_శీను
ఆమె సార్ కాదు, మేడమ్ 🙂 పాత బిల్లు ఉంటే చూడండి, లేకపోతే ఆ సెంటర్ వాళ్ళని ఏ నెలలో తీశారో చెప్పి అడగండి, రిజిస్టర్‌లో ఉండొచ్చు.